పాత కార్ల ఇంజను మార్పిడి: గేరుబాక్సు చెప్పే సాక్ష్యం

గోదావరి డెల్టాలో ఎక్కడైనా పాత అమెరికన్ కారు అమ్మకానికి వచ్చిందంటే చూడడానికి వెళ్ళేవారిలో నేనూ ఒకడిని. కొనే స్తోమత ఉన్నవారు నన్ను వెంట తీసుకువెళతారు. చూసి ఉన్నమాట చెప్పడం వరకే నా పని. రైసుమిల్లుల గోదాముల వెనుక, కొబ్బరితోటల నడుమ పెంకుటిళ్ళ సావిళ్ళలో టార్పాలిన్ కప్పి పెట్టిన షెవ్రొలెట్లు, డాడ్జిలు, ప్లిమత్‌లు ఇప్పటికీ అప్పుడప్పుడు బయటపడుతూనే ఉంటాయి. అమ్మేవారు "అంతా ఒరిజినలేనండి" అంటారు, బానెట్ ఎత్తితే పుట్టినప్పటి ఇంజను చాలావాటిలో ఉండదు. అంతమాత్రాన ఆ బండి నకిలీదని తోసేయడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ ఇంజను ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ మారిందో ఇనుమూ కాగితమూ ఒకే మాట చెబితే, ఆ మార్పిడి కూడా ఆ కారు చరిత్రలో నిజమైన భాగమే. ఆ మాట రాబట్టడానికి ఇంజనుకంటే గేరుబాక్సు, అందులోనూ పాత ఆటోమేటిక్ గేరుబాక్సు, ఎక్కువగా పనికొస్తుంది. ఇంజను నంబరు చెక్కి మోసం చేసేవారు ఉన్నారు గాని, గేరుబాక్సును అంత శ్రద్ధగా మార్చి అబద్ధమాడేవారు అరుదు.

ఈ బండ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకు బొంబాయి సెవ్రీలో కార్లను కూర్చి అమ్మింది. కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు డాడ్జి, ప్లిమత్, డి సోటో కార్లను కూర్చేవారు. ఇక్కడే తయారుచేసే పథకం లేనివారు కేవలం కూర్చి అమ్మడం కుదరదని ప్రభుత్వం 1953 ప్రాంతంలో తేల్చాక ఆ దారి మూసుకుపోయింది. ఆ తరువాత వచ్చిన పెద్ద అమెరికన్ కార్లలో ఎక్కువ భాగం రాయబార కార్యాలయాలవారు తెచ్చుకుని, వాడి, వదిలినవే; వాటిని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేసేది. బొంబాయిలో కూర్చిన బండ్లు చాలావరకు చేతి గేర్లతో, కుడివైపు స్టీరింగుతో ఉంటాయి. ఎడమవైపు స్టీరింగు ఉందంటే అది విదేశంలోనే తయారై, ఎవరి సొంత అవసరానికో ఇక్కడికి వచ్చిందని దాదాపు తేల్చుకోవచ్చు. ఆటోమేటిక్ కోసం వెదకవలసింది ముందుగా అలాంటివాటిలోనే.

డీజిల్ ఇంజన్ల కథకు మూలం పెట్రోలు ధర. 1973 చమురు సంక్షోభం తరువాత ఆరు సిలిండర్ల పెట్రోలు బండిని పోషించడం మిల్లు యజమానులకు సైతం భారమైంది. అదే సమయంలో డెల్టాలో డీజిల్ పని తెలిసిన మేస్త్రీలకు కొరత లేదు. లారీలు, చేలకు నీరు తోడే ఇంజన్లు, రేవుల్లో పంట్లు, అన్నీ డీజిలువే. మద్రాసులో సింప్సన్ కంపెనీ లైసెన్సు మీద తయారుచేసిన పెర్కిన్స్ ఇంజన్లు, ఆ తరువాత మ్యాటడోర్ వ్యానుల నుంచి తీసిన ఇంజన్లు కార్లలోకి ఎక్కాయి. కాబట్టి 1970లలో, 1980లలో ఇక్కడి షెడ్డులో డీజిల్ ఎక్కిన షెవ్రొలెట్‌ను చూసి ముఖం చిట్లించనక్కరలేదు. ఆ కాలపు ఆర్థిక పరిస్థితి ఆ బండి మీద వేసిన ముద్ర అది.

డీజిల్ ఎక్కినప్పుడు ఆటోమేటిక్ గేరుబాక్సు ఎందుకు దిగిపోయిందన్నది చాలామంది అడగని ప్రశ్న. ఆనాటి ఆటోమేటిక్‌లో విద్యుత్ సర్క్యూట్లు ఏవీ లేవు. అంతా నూనె ఒత్తిడి మీదే నడుస్తుంది. వెనుక షాఫ్టుతో పాటు తిరిగే గవర్నరు బండి వేగాన్ని నూనె ఒత్తిడిగా మార్చుతుంది. యాక్సిలరేటరు నుంచి వచ్చే కడ్డీ గాని, ఇంజను మానిఫోల్డు నుంచి వచ్చే వాక్యూమ్ గొట్టం గాని డ్రైవరు ఎంత తొక్కాడో చెబుతుంది. ఈ రెండు ఒత్తిళ్ళు నూనె దారులను తెరిచి మూసే వాల్వు బాడీలో ఎదురెదురుగా తోసుకుంటాయి, ఏది పైచేయి అయితే దాన్నిబట్టి గేరు మారుతుంది. పెట్రోలు ఇంజనులో కార్బురేటరు పలక మూసుకున్నప్పుడు వాక్యూమ్ పుడుతుంది; మామూలు డీజిల్ ఇంజనుకు ఆ పలకే ఉండదు కనుక గేరుబాక్సుకు సగం సమాచారం అందదు. దానికి తోడు షెవ్రొలెట్ పెట్రోలు ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్ల దరిదాపులకు వెళితే, లారీల కోసం పుట్టిన డీజిల్ అంతకు చాలా తక్కువలోనే ఆగిపోతుంది. అందువల్ల పెట్రోలు ఇంజనుకు తగినట్టు అమర్చిన గేరు మార్పులు వేళ తప్పుతాయి. మేస్త్రీలు ఇవన్నీ లెక్కలు వేసి చూసి ఉండకపోవచ్చు గాని, బండి లాగడం లేదని గ్రహించి ఆటోమేటిక్‌ను దించి, జీపుదో వ్యానుదో గేరుబాక్సు పెట్టేశారు.

రాజమండ్రిలో వయసు మళ్ళిన ఒక మేస్త్రిగారు నాకు చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: "ఇంజను ఎవడైనా మారుస్తాడండి బాబూ, మార్చినోడు ఏం తీసి పారేశాడో, ఏం పారేయలేకపోయాడో అది చూడాలండి." పారేయలేనివి నిజంగానే చాలా ఉంటాయి. స్టీరింగు కాలమ్ మీద పి, ఎన్, డి, ఎల్, ఆర్ (పార్క్, న్యూట్రల్, డ్రైవ్, లో, రివర్స్) అక్షరాల పట్టీ అలాగే ఉండి, దాని ముల్లు ఎటూ కదలకుండా బిగుసుకుపోయి ఉంటుంది. బ్రేకు పెడల్ ఆటోమేటిక్ బండ్లలో వెడల్పుగా ఉంటుంది; క్లచ్చి పెట్టడానికి దాన్ని రంపంతో కోసి సన్నం చేసిన గాటు కింద చెయ్యి పెడితే తగులుతుంది. ఇంజనుకూ కూర్చునే చోటుకూ నడుమ ఉండే రేకు గోడ ఫైర్‌వాల్‌లో క్లచ్చి కడ్డీ కోసం కొత్తగా కోసిన రంధ్రానికి ఫ్యాక్టరీ రంధ్రానికి ఉండే మడత అంచు ఉండదు. రేడియేటరు అడుగు ట్యాంకులో నూనె చల్లబరిచే గొట్టాల కోసం పెట్టిన రెండు ఇత్తడి బొడిపెలకు మూతలు బిగించి ఉంటాయి. ఇక డీజిల్ వచ్చిపోయిన గుర్తులు వేరు: డాష్‌బోర్డు కింద ఇంజను ఆపే స్టాపు తాడు నాబు, స్టార్ట్ చేసే ముందు ఇంజనును వేడిచేసే హీటరు స్విచ్చి కోసం తొలిచిన రంధ్రం, పెట్రోలు ట్యాంకు మీద తిరుగు గొట్టం కోసం పెట్టిన టంకం, చాసిస్ మీద గ్యాస్ వెల్డింగుతో అతికించిన, ఇంజనును మోసే దిమ్మలు. మళ్ళీ పెట్రోలు ఇంజను పెట్టి "ఎన్నడూ డీజిల్ ఎక్కలేదండి" అన్నా, ఆ స్టాపు తాడు రంధ్రాన్ని పూడ్చాలని ఎవరికీ తట్టదు.

తణుకు వైపు చూసిన ఒక 1952 షెవ్రొలెట్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఎడమవైపు స్టీరింగు, పెట్రోలు ఇంజను, మూడు చేతి గేర్లు. పుట్టినప్పటి నుంచి అదే ఇంజనని యజమాని గట్టి నమ్మకం. ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటరు దగ్గర నంబరు ఉన్న చోటును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలుచని కాగితం పెట్టి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసినట్టే పెన్సిల్ ప్రింటు తీశాను. అచ్చు శుభ్రంగా ఉంది. అక్షరాల లోతు సమానంగా ఉంది, చుట్టూ ఫ్యాక్టరీ మిషను గీతలు చెరగలేదు. అంటే నంబరును ఎవరూ తిరగగొట్టలేదు. సమస్య ఏమిటంటే అది 216 ఘనపు అంగుళాల ఇంజను, అనగా మూడున్నర లీటర్లది. షెవ్రొలెట్ వారు 1950లో పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్‌ను ప్రవేశపెట్టినప్పుడు, దానికి 216 బలం చాలదని 235 ఘనపు అంగుళాల పెద్ద ఇంజనును జతచేశారు. 216 చేతి గేర్ల బండ్లకే పరిమితమైంది. మరి ఈ బండి కాలమ్ మీద పవర్‌గ్లైడ్ పట్టీ ఎందుకుంది?

కాలమ్‌ను మరో బండి నుంచి తెచ్చి ఉండవచ్చునన్న అనుమానం తీరడానికి వెనుక ఇరుసును అడిగాము. స్పార్కు ప్లగ్గులు తీసి, టాప్ గేరులో పెట్టి, వెనుక ఒక చక్రాన్ని నేల మీదే ఉంచి, రెండోదాన్ని జాకీతో ఎత్తి సరిగ్గా రెండు చుట్లు తిప్పితే, ముందు ఇంజను పుల్లీ ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే ఇరుసు నిష్పత్తి, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ఇరుసుకు వచ్చే షాఫ్టు తిరగవలసిన చుట్లు. ఆ ఏళ్ళలో చేతి గేర్ల షెవ్రొలెట్‌కు మామూలుగా 4.11, పవర్‌గ్లైడ్ బండికి 3.55 ఉండేది. పుల్లీ మీద సుద్దముక్కతో గీసిన గీత మూడు చుట్లు పూర్తిచేసి, నాలుగో చుట్టులో సగం దాటగానే ఆగింది. ఆ బండి ఆటోమేటిక్‌గా, 235 ఇంజనుతో పుట్టింది. ఆ రెండూ పోయాక, బొంబాయిలో కూర్చిన బండ్లవల్ల సులభంగా దొరికే 216ను, దాని చేతి గేరుబాక్సును తెచ్చి బిగించారన్నమాట. యజమాని మాటలో అబద్ధం లేదు, ఆయన నాన్నగారు కొన్ననాటికే ఆ మార్పు జరిగిపోయి ఉంటుంది. ఆ బండి విలువ కొంత తగ్గినా, దాని కథ మాత్రం తిన్నగా నిలబడింది.

ఆటోమేటిక్ గేరుబాక్సు ఇంకా బండిలోనే ఉంటే అది ఏ జాతిదో ముందు తేల్చాలి. ఓల్డ్‌స్‌మొబీల్‌లో 1940 మోడల్‌తో వచ్చిన హైడ్రామాటిక్‌కు నాలుగు గేర్లు ఉంటాయి. ఇంజను బలాన్ని నూనె ద్వారా పెంచి అందించే టార్క్ కన్వర్టరు ఉండదు, పెంచకుండా అందించే ఫ్లూయిడ్ కప్లింగు మాత్రమే ఉంటుంది. బయలుదేరిన కొద్ది గజాలకే రెండో గేరు పడడం సీటులో కూర్చున్నవారికి స్పష్టంగా తెలుస్తుంది. తొలినాటి హైడ్రామాటిక్ పట్టీ మీద పార్క్ అక్షరం కనిపించదు. ఇంజను ఆపి రివర్సులో పెడితే బండి బిగుసుకుంటుంది. పి లేదు కదా అని పట్టీ మార్చారనుకోవడం పొరపాటు. బ్యూక్‌లో 1948లో వచ్చిన డైనాఫ్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. డ్రైవ్‌లో గేరు మారిన స్పర్శే ఉండదు, ఇంజను ఒకే శ్రుతిలో మూలుగుతూ ఉంటుంది, బండి నెమ్మదిగా వేగం అందుకుంటుంది. నడపడం తెలియనివారు క్లచ్చి జారుతోందని భ్రమపడతారు. 1950 నాటి తొలి పవర్‌గ్లైడ్ కూడా డ్రైవ్‌లో తనంతట తాను గేరు మార్చదు. లో గేరులో బయలుదేరి తానే పైకి మారే ఏర్పాటు 1953లో వచ్చింది. ఫోర్డు వారి ఫోర్డోమాటిక్‌కు మూడు గేర్లున్నా, మామూలుగా రెండోదానిలోనే బయలుదేరుతుంది. మొదటి గేరు పోయిందని బేరం తగ్గించేవారిని నేను చూశాను, అది వారి గడుసుదనమో అజ్ఞానమో తెలియదు.

క్రైస్లర్ కుటుంబం బండ్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. డాడ్జి, డి సోటో, క్రైస్లర్ బండ్లలోని ఫ్లూయిడ్ డ్రైవ్‌కు క్లచ్చి పెడల్ ఉంటుంది, ఇంజనుకూ క్లచ్చికీ నడుమ ఫ్లూయిడ్ కప్లింగు కూడా ఉంటుంది. అందులో కొన్నిటికి డ్రైవరు యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినప్పుడు టక్కుమని పై గేరు పడే ఏర్పాటు ఉంది. ప్లిమత్‌లో 1953లో వచ్చిన హై-డ్రైవ్‌కైతే టార్క్ కన్వర్టరుకు ఇంజను నూనె నుంచే సరఫరా. దాని గేర్లు మాత్రం చేతివే. క్లచ్చి పెడల్ కనబడగానే ఆటోమేటిక్‌ను పీకేశారని తీర్పు చెబితే ఈ బండ్లకు అన్యాయం జరుగుతుంది.

ఫ్యాక్టరీ నుంచే వింత జతలతో వచ్చినవి కూడా ఉన్నాయి. 1953 ఆగస్టు 12న మిషిగన్‌లోని లివోనియాలో హైడ్రామాటిక్ ఫ్యాక్టరీ అగ్నికి ఆహుతైంది. గేరుబాక్సులు లేక ఉత్పత్తి ఆగిపోకుండా జనరల్ మోటార్స్ వారు కొన్ని క్యాడిలాక్‌లకు, ఓల్డ్‌స్‌మొబీల్‌లకు బ్యూక్ వారి డైనాఫ్లోను, పాంటియాక్‌లకు షెవ్రొలెట్ వారి పవర్‌గ్లైడ్‌ను బిగించి పంపారు. అలాంటి 1953 బండి కనబడితే అది మార్పిడి బండి కాదు. అలాగే కెనడాలో తయారైన పాంటియాక్‌లు షెవ్రొలెట్ చాసిస్ మీదే కూర్చినవి. 1955 నుంచి వాటిలో 261 ఘనపు అంగుళాల షెవ్రొలెట్ ఇంజను వచ్చేది. అమెరికాలో అది లారీలకు వాడిన ఇంజను. కుడి స్టీరింగు దేశాలకు కెనడా నుంచే ఎగుమతి ఎక్కువగా జరిగింది కనుక, మన వైపు పాంటియాక్‌లో "లారీ ఇంజను" కనిపిస్తే కోపం తెచ్చుకునే ముందు చాసిస్ ప్లేటు చదవాలి. రోల్స్ రాయిస్ వారు సైతం 1950లలో హైడ్రామాటిక్‌ను లైసెన్సు మీద తయారుచేసుకుని వాడారు.

అసలు మోసం జరిగేది ఇటీవల తీర్చిదిద్దిన బండ్లలో. మెరిసే రంగు, కొత్త సీట్లు, 1963 షెవ్రొలెట్ ఇంపాలా అని కాగితం. కింద దూరి చూస్తే గేరుబాక్సు నూనె తొట్టె ఒక మూల కోసినట్టు ఉండి, పదమూడు బోల్టులు ఉంటాయి. అది 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350. అసలు ఉండవలసిన పవర్‌గ్లైడ్ తొట్టె నాలుగు మూలలూ సమంగా, పద్నాలుగు బోల్టులతో ఉంటుంది. నడపడానికి 350 మేలైనదే, అందులో సందేహం లేదు. దాన్ని ఒరిజినల్ అని చెప్పి ధర పెంచడమే తప్పు. ఇంజను బ్లాకు మీద పోతపోసిన తేదీ కూడా చూడాలి: షెవ్రొలెట్‌లో నెలకు ఒక అక్షరం, ఆపై రోజు, ఆపై సంవత్సరం అంకె ఉంటాయి, జనవరికి ఎ మొదలుకొని డిసెంబరుకు ఎల్ వరకు. పోత తేదీ బండి తయారైన తేదీకి కొన్ని వారాలు ముందుండాలి. పోత తేదీ బండి తేదీకి తరువాతదైతే ఇక మాట్లాడేదేమీ లేదు.

మన నేలకే ప్రత్యేకమైన సాక్ష్యం ఒకటుంది, అది ఒండ్రు. 1986 ఆగస్టు గోదావరి వరదలో లంక గ్రామాలు మునిగాయి, 1996 నవంబరు తుపానులో కోనసీమ అతలాకుతలమైంది. అప్పుడు నీట మునిగిన బండ్లకు పైపైన కడుగుడు జరిగింది గాని, ఇంజనునూ గేరుబాక్సునూ కలిపే గంట ఆకారపు బెల్ హౌసింగు లోపల, టార్క్ కన్వర్టరు మూత వెనుక చేరిన సన్నని ఒండ్రును ఎవరూ తీయలేదు. గేరుబాక్సు వైపు గోడకు ఆ ఒండ్రు పొర ఎండి అంటుకుని ఉండి, ఇంజను వెనుక ముఖం, ఫ్లైవీలు శుభ్రంగా ఉంటే, ఇంజను ఆ ముంపు తరువాత వచ్చిందని అర్థం. ఇలాంటి బండిలో ఆటోమేటిక్‌ను పరీక్షించకుండా స్టార్ట్ చేయకూడదు. నూనె పుల్ల బయటికి తీసి తెల్లని గుడ్డకు తుడవండి. ఎర్రగా ఉంటే సరే. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరింది, క్లచ్చి ప్లేట్ల పూత ఉబ్బి ఊడి ఉంటుంది. నల్లబడి మాడువాసన వస్తే ప్లేట్లు కాలిపోయాయి. ముందు తొట్టె విప్పి అడుగున చేరినది చూశాకే తాళం చెవి తిప్పాలి.

ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయలేమన్న మాట కొత్త బండ్లకే వర్తిస్తుంది. పాత పవర్‌గ్లైడ్, హైడ్రామాటిక్, డైనాఫ్లోలకు వెనుక వైపు రెండో పంపు ఉంటుంది. గంటకు నలభై కిలోమీటర్ల దాకా లాగి లివరు కిందికి వేస్తే ఇంజను అందుకుంటుంది. అందుకని ఎవరైనా లాగి స్టార్ట్ చేసి చూపించినంత మాత్రాన లోపల చేతి గేరుబాక్సు ఉందని అనుకోనక్కరలేదు.

అంబాసిడర్, పద్మిని కార్ల దగ్గర ఇంత గొడవ లేదు, ఆ రెండింటికీ ఫ్యాక్టరీ ఆటోమేటిక్ ఎన్నడూ లేదు. మార్క్ 2 అంబాసిడర్‌లో 1817 సీసీ ఇసుజు ఇంజను, ఐదు గేర్ల లివరు నేల మీద ఉంటే, నేల రేకు కోసిన అంచు చూసి మార్పిడి అని చెప్పేయవచ్చు. ఆ ఇంజను అంబాసిడర్‌కు 1990లలో వచ్చింది.

ఇక కాగితాల సంగతి. ఇంజను మారితే రిజిస్ట్రేషన్ కాగితంలో ఎక్కించుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. సీ-బుక్కులో, అంటే పాత రిజిస్ట్రేషన్ పుస్తకంలో, ఆ నమోదు, ఆఫీసు ముద్ర, తేదీ ఉంటే అంతకు మించిన రుజువు లేదు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు లేకుండా మొదటి రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషను దక్కుతుంది. రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్ళు. డీజిల్ ఎక్కిన బండికి ఆ దారి లేదు. ఈ నిబంధన వచ్చాక చాలామంది డీజిల్‌ను దించి, ఎక్కడిదో ఒక పెట్రోలు ఇంజనును తెచ్చి పెట్టించే ఆలోచనలో ఉన్నారు. ఆ బండికి చెందని రెండో ఇంజనుతో అది మొదటి రూపం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. పాలకొల్లులో పెర్కిన్స్ ఇంజనున్న ప్లిమత్ యజమాని ఇదే అడిగితే, సీ-బుక్కులో డీజిల్ నమోదు ఉంది కనుక దాన్ని అలాగే ఉంచుకోమని, అటక మీద ఉన్న పాత కార్బురేటరును, ఇగ్నిషన్ కాయిలును మాత్రం పాత ఇనుము కొనేవాడికి వేయవద్దని చెప్పాను.